హెడ్‌ఫోన్స్ ఎంచుకోవడం ఎలా: చెవికి నచ్చేలా, జేబుకు చిల్లు పడకుండా

హెడ్‌ఫోన్స్ కొనాలనుకోగానే చాలామంది ముందుగా రివ్యూల మీద పడతారు. అరగంట తిరిగేసరికి పది మోడళ్లు, ఇరవై అభిప్రాయాలు పోగవుతాయి. ఒకరు బ్రహ్మాండం అన్నదాన్నే ఇంకొకరు చెత్త అంటారు. ఇక టెన్షన్ మొదలు. రివ్యూలను చివరికి ఉంచండి. ముందు మీరు తేల్చుకోవాల్సినవి రెండు: ఎక్కడ వింటారు, ఏం వింటారు. ఈ రెండూ తేలితే మార్కెట్లో ఉన్నవాటిలో సగానికి సగం మీకు పనికిరావని మీకే అర్థమవుతుంది.

డబ్బు గురించి ఒక్క మాట ఇప్పుడే చెప్పేస్తాను. మీరు పెట్టే డబ్బంతా సౌండ్‌కే పోదు. బ్యాటరీ, బ్లూటూత్ చిప్, మైకులు, నాయిస్ క్యాన్సిలేషన్, ఛార్జింగ్ కేస్, యాప్, అన్నిటికీ అందులోంచే వాటా వెళ్తుంది. బడ్జెట్ చిన్నదైన కొద్దీ ఈ వాటాలు గట్టిగా కొడతాయి. కాబట్టి మీకు అక్కర్లేని వాటా ఏదో కనిపెట్టి దాన్ని తీసేయడమే అసలు పని.

ఎక్కడ వింటున్నారో గమనించండి

రెండు మూడు రోజుల పాటు, పాట పెట్టిన ప్రతిసారీ చుట్టూ ఏముందో చూసుకోండి. గది ప్రశాంతంగా ఉందా? పక్కన ఎవరైనా పడుకున్నారా? బస్సులో ఉన్నారా, నడుస్తున్నారా? మనం ఊహించుకునేదానికీ నిజంగా జరిగేదానికీ చాలా తేడా ఉంటుంది. రాత్రిళ్లు తీరిగ్గా కూర్చుని సంగీతం వింటామనుకుని పెద్ద హెడ్‌ఫోన్స్ కొంటాం. తీరా చూస్తే మనం వినేదంతా ప్రయాణాల్లోనే. అవేమో అలమారాలో దుమ్ము పట్టిపోతుంటాయి.

నిశ్శబ్దమైన గదిలో ఒంటరిగా వినేవారైతే ఓపెన్ బ్యాక్ రకం చూడండి. వీటి కప్పుల వెనక భాగం జాలీలా తెరిచి ఉంటుంది. సౌండ్ తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త బయట పరుచుకున్నట్టు వినిపిస్తుంది, చెవులు కూడా తొందరగా చెమర్చవు. 1997లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఈ రకానిదే. అయితే లోపలి పాట బయటికి, బయటి మాటలు లోపలికి ధారాళంగా పోతాయి. పక్కన మనిషి ఉంటే వీటి జోలికి వెళ్లకండి.

పక్కవారికి వినపడకూడదంటే క్లోజ్డ్ బ్యాక్. రికార్డింగ్ స్టూడియోల్లో పాడేవారు, మైకు ముందు కూర్చునేవారు ఇవే వాడతారు, లేకపోతే హెడ్‌ఫోన్స్‌లోని ట్రాక్ మైకులోకి చేరిపోతుంది. 1991 నుంచి స్టూడియోల్లో కనిపిస్తున్న సోనీ ఎండీఆర్ 7506 దీనికి పాత ఉదాహరణ.

ప్రయాణాలకు, జేబులో పెట్టుకోవడానికి ఇన్ ఇయర్ రకం, అంటే చెవి రంధ్రంలోకి రబ్బరు టిప్ దూరేవి. చెవి మీద ఆనే ఆన్ ఇయర్ రకం చిన్నగా, తేలిగ్గా ఉంటుంది కానీ చెవి డొప్పను నొక్కుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారికి గంట దాటితే నరకమే. రోడ్డు మీద పరుగు తీసేవారు బయటి హారన్లు వినపడేలా టిప్ లేని రకమో, చెవి ముందు ఎముక మీద ఆనే బోన్ కండక్షన్ రకమో తీసుకోవడం మేలు. వాటిలో బాస్ పలచగా ఉంటుంది. ఆ సంగతి తెలిసే కొనండి. చెమటకు తట్టుకోవాలంటే డబ్బా మీద కనీసం ఐపీఎక్స్4 అని ఉండాలి. అది తుంపర్లకు తట్టుకుంటుందని చెప్పే గుర్తు మాత్రమే. నీళ్లలో ముంచమని కాదు.

నాయిస్ క్యాన్సిలేషన్‌కు డబ్బు పెట్టాలా?

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే బడ్జెట్‌లో పెద్ద ముద్ద పోయేది ఇక్కడే. బయటి మైకులు చుట్టూ ఉన్న చప్పుడును పట్టుకుంటాయి. చిప్ దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని తయారుచేస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బోస్ ఆడియో కంపెనీని స్థాపించిన అమర్ బోస్‌కు ఈ ఆలోచన 1978లో జూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళ్తుండగా వచ్చింది. ఆయన కంపెనీ పైలట్ల కోసం హెడ్‌సెట్‌ను 1989లో మార్కెట్లోకి తెచ్చింది. మొదలు విమానంలో కావడం కాకతాళీయం కాదు. ఆగకుండా ఒకే తీరుగా, బొంగురుగా మోగే శబ్దాన్ని ఈ పద్ధతి బాగా మింగేస్తుంది. విమానం ఇంజిన్, బస్సు గుర్రు, ఫ్యాన్, ఏసీ లాంటివన్నమాట.

మనుషుల మాటలు, పిల్లల ఏడుపు, తలుపు దబాల్న పడ్డ చప్పుడు, ఇవి అంత తేలిగ్గా లొంగవు. పై స్థాయి శబ్దాలు వేగంగా మారిపోతుంటాయి, వాటికి తిరగేసిన తరంగం సరిగ్గా జతపడటం కష్టం. వాటిని ఆపేది చిప్ కాదు, అడ్డుగా ఉన్న ఫోమ్, రబ్బరు, కప్పు. కాబట్టి మీ బాధ పక్క సీటులో కబుర్లే అయితే, చెవికి బిగుతుగా కూర్చునే మామూలు ఇన్ ఇయర్ ఫోమ్ టిప్పుతో చాలావరకు పని జరిగిపోతుంది. రోజూ ఇంజిన్ చప్పుళ్ల మధ్య గంటలు గడిపేవారు మాత్రం నాయిస్ క్యాన్సిలేషన్‌కు సంకోచించకుండా డబ్బు పెట్టండి. కానీ చౌక మోడళ్ల డబ్బా మీద ఆ మాట కనిపించగానే మురిసిపోవద్దు. వాటిలో అది పేరుకే ఉంటుంది, పైగా కొన్నిటిలో ఆన్ చేయగానే పాట రంగు మారిపోతుంది.

మీ రుచి ఏమిటో కనిపెట్టండి

"నాకు మంచి సౌండ్ కావాలి" అంటే ఏ అమ్మకందారుకూ ఏమీ అర్థం కాదు. మంచి అంటే మీకేమిటో ఉన్న చోటే, పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. ఇప్పుడు మీ దగ్గరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్లో గానీ పాటల యాప్‌లో గానీ ఈక్వలైజర్, అంటే శబ్దంలో ఒక్కో భాగాన్ని విడిగా పెంచి తగ్గించే మీటల వరుస, తెరవండి. అక్షరం అక్షరం కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టండి.

మొదట 60 నుంచి 100 హెర్ట్జ్ దగ్గరున్న మీటను నాలుగైదు డెసిబెల్స్ పైకి జరపండి. డ్రమ్ దెబ్బ బరువెక్కుతుంది. ఒక నిమిషం విని యథాస్థానానికి తెండి. తర్వాత 2 నుంచి 4 కిలోహెర్ట్జ్. ఇక్కడ గాయకుడు ఒక అడుగు ముందుకొచ్చి నిలబడ్డట్టు ఉంటుంది, మాట స్పష్టమవుతుంది. ఎక్కువైతే అరుస్తున్నట్టు తోస్తుంది. తర్వాత 6 నుంచి 8 కిలోహెర్ట్జ్. శ, ష, స అక్షరాలు పలికిన చోట చెవిలో గుచ్చుకుంటుందేమో చూడండి. చివరగా 10 కిలోహెర్ట్జ్ పైన, అక్కడ తాళాల మెరుపు, తంత్రుల గరగర ఉంటాయి. ఒక మీట పెంచినప్పుడల్లా మొత్తం వాల్యూమ్ కాస్త తగ్గించడం మరచిపోకండి. చెవికి బిగ్గరగా ఉన్నదల్లా బాగున్నట్టే అనిపిస్తుంది, దుకాణాల్లో మోసపోయేది కూడా ఇక్కడే.

వీటిలో ఏ మార్పును గంటసేపు అలాగే వదిలేసి వినగలరో అదే మీ రుచి. బాస్, ట్రెబుల్ (పై భాగం) రెండూ లేచి మధ్యలో గొంతు కొంచెం వెనక్కి తగ్గితే వి షేప్ అంటారు. మాస్ బీట్లకు, డ్యాన్స్ పాటలకు హుషారుగా ఉంటుంది. కింది భాగం నిండుగా, పై భాగం మెత్తగా ఉంటే వార్మ్ అంటారు. గంటల తరబడి వినేవారికి ఇది హాయి. పై భాగం ముందుకొస్తే బ్రైట్. ఏదీ ముందుకు తోసుకురాకపోతే న్యూట్రల్. రివ్యూలు చదివేటప్పుడు ఈ నాలుగు మాటలు తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

న్యూట్రల్ అంటే కొలతలో గీతలా సమంగా ఉండటం అనుకోవద్దు. ఆడియో పరికరాలు చేసే హర్మాన్ సంస్థలో పరిశోధకులు షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ శ్రోతలను కూర్చోబెట్టి చేసిన పరిశోధనల్లో ఎక్కువమంది మొగ్గింది, మంచి గదిలో పెట్టిన మంచి స్పీకర్లు చెవికి వినిపించే తీరుకు దగ్గరగా, కింద కాస్త బాస్ లేచి ఉన్న సౌండ్ వైపే. హర్మాన్ కర్వ్ అని రివ్యూల్లో కనిపించేది అదే. ఏది ఇష్టమో తెలియకపోతే దానికి దగ్గరగా ఉన్నదాన్ని మొదటి ఎంపికగా పెట్టుకోవచ్చు. అందరికీ నచ్చుతుందని మాత్రం కాదు. ఇంకా బాస్ కావాలనేవారూ, తగ్గించమనేవారూ ఎప్పుడూ ఉంటారు.

ఇక సంగీతానికి జత. గాత్రం, వయొలిన్, వీణ ఎక్కువగా వినేవారికి మధ్య భాగం శుభ్రంగా ఉండటం ముఖ్యం, ఓపెన్ బ్యాక్‌లో ఇవి ప్రాణం పోసుకుంటాయి. బాస్ గిటార్ అన్నిటికన్నా కింది తీగ మోగేది దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర. అంత లోతు నిండుగా దింపాలంటే క్లోజ్డ్ బ్యాకో, బాగా బిగిసే ఇన్ ఇయరో సులువు. పాడ్‌కాస్ట్‌లు, పాఠాలు, ఆడియో పుస్తకాలే మీ లోకమైతే ఖరీదైనవేవీ అక్కర్లేదు, చెవికి నొప్పి పుట్టకపోతే చాలు.

వైరా, వైర్‌లెస్సా

సౌండ్ ఒక్కటే చూస్తే, ఒకే ధరలో వైరు ఉన్నదే గెలుస్తుంది. డబ్బంతా డ్రైవర్‌కూ (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) తయారీకీ వెళ్తుంది కాబట్టి. ఫోన్లో 3.5 మిల్లీమీటర్ల జాక్ లేదంటారా? 2016లో ఐఫోన్ 7 దాన్ని తీసేశాక చాలా ఫోన్లు అదే దారి పట్టాయి. అయినా చిన్న యూఎస్‌బీ సీ డాంగిల్ కొంటే పని అయిపోతుంది. డాంగిల్లో చాలావరకు డిజిటల్ సిగ్నల్‌ను సంగీతంగా మార్చే డ్యాక్ చిప్, చిన్న ఆంప్లిఫయర్ రెండూ ఉంటాయి. కొన్ని ఉత్త వైరు మార్పిళ్లే ఉంటాయి, అవి అన్ని ఫోన్లతో పనిచేయవు. డ్యాక్ ఉందో లేదో చూసి తీసుకోండి.

వైర్‌లెస్ కావాలంటే కోడెక్ పేర్లు, అంటే పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతుల పేర్లు, ఎదురవుతాయి: ఎస్‌బీసీ, ఏఏసీ, ఆప్ట్‌ఎక్స్, ఎల్‌డాక్. ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు. వినడానికి గొప్పగా ఉంది. కానీ ఫోన్‌కూ హెడ్‌ఫోన్స్‌కూ రెండింటికీ ఆ కోడెక్ ఉండాలి, ఐఫోన్లలో ఆప్ట్‌ఎక్స్ గానీ ఎల్‌డాక్ గానీ లేవు. నా మటుకు నేను కోడెక్ చూసి ఎప్పుడూ ఎంచుకోను. ట్యూనింగ్ (బాస్, గొంతు, ట్రెబుల్ పాళ్లు) బాగున్న ఏఏసీ హెడ్‌ఫోన్స్ ముందు ట్యూనింగ్ బాగాలేని ఎల్‌డాక్ నిలబడదు.

కోడెక్ కన్నా రోజూ చికాకు పెట్టేవి వేరే ఉన్నాయి. మామూలు బ్లూటూత్‌లో మైక్ ఆన్ అయ్యిందంటే, అంటే కాల్ మాట్లాడుతున్నప్పుడు, లైను కాల్ మోడ్‌లోకి మారిపోతుంది. వినిపించే సౌండ్ కూడా అప్పటికప్పుడు పాత టెలిఫోన్ స్థాయికి దిగుతుంది. ఆటలు ఆడేవారికి తుపాకీ పేలాక కాసేపటికి ఢాం అని వినిపించడం ఇంకో తలనొప్పి. వీడియో యాప్‌లు ఈ ఆలస్యాన్ని సర్దుకుంటాయి, ఆటలు సర్దుకోలేవు. గేమింగ్‌కు వైరు గానీ, సొంత 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చేది గానీ చూడండి. ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ వాడేవారికి ఒకేసారి రెండింటికీ కలిసి ఉండే మల్టీపాయింట్ ఉందో లేదో అడగటం మంచిది.

బ్యాటరీ సంగతి కూడా ఆలోచించండి. ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ గింజంత ఉంటుంది, చాలా మోడళ్లలో మార్చడానికి వీలుండదు. అందులో ఛార్జ్ నిలవడం మానేసిందంటే వస్తువు కథ ముగిసినట్టే. వైరు హెడ్‌ఫోన్స్‌లో చెడేది ఎక్కువగా వైరు, అరిగేది కుషన్. ఆ రెండూ ఊడదీసి మార్చుకునేలా ఉంటే ఏళ్ల తరబడి నడుస్తాయి. ధరను వాడగలిగే సంవత్సరాలతో భాగించి చూడండి, ఖరీదైనదిగా కనిపించేది కొన్నిసార్లు చవకగా తేలుతుంది.

డబ్బా మీద అంకెల్లో ఏవి చదవాలి

ఫ్రీక్వెన్సీ రేంజ్ 5 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్ అని రాస్తారు. మనిషి చెవి వినేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్, వయసుతో పై హద్దు తగ్గుతూ వస్తుంది. ఆ రేంజ్‌లో ఎక్కడ ఎంత లేచింది, ఎంత పడింది చెప్పనంతవరకు ఆ అంకెకు విలువ లేదు. డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లన్నదీ అంతే. ఈ రెండిటినీ వదిలేయండి.

ఇంపెడెన్స్, సెన్సిటివిటీ మాత్రం చదవండి. ఇంపెడెన్స్ అంటే కరెంటుకు హెడ్‌ఫోన్స్ చూపే అడ్డు, దాన్ని ఓమ్‌లలో చెబుతారు. ఫోన్‌కు నేరుగా తగిలించేదైతే 16 నుంచి 50 ఓమ్‌ల మధ్య ఉండేది నిశ్చింత. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఒకే పేరుతో 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది. చూడకుండా 250 కొంటే ఫోన్లో వాల్యూమ్ చివరిదాకా తోసినా తృప్తి ఉండదు. సెన్సిటివిటీ అంటే ఇచ్చిన కాస్త శక్తికి ఎంత బిగ్గరగా మోగుతుందో చెప్పే అంకె. ఒక మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ పైన ఉంటే ఫోన్ సులువుగా నడుపుతుంది. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కు కాకుండా ఒక వోల్ట్‌కు లెక్క ఇస్తాయి. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఆ చిన్న అక్షరాలు చదవండి, లేకపోతే లెక్క తలకిందులవుతుంది. ఇంపెడెన్స్ తక్కువున్న ప్లానార్ రకాలు (పలచటి చదునైన పొర కంపించి శబ్దం చేసేవి) కొన్ని ఫోన్‌కు బరువవుతాయి, అది ఈ రెండో అంకెలోనే బయటపడుతుంది.

బడ్జెట్‌ను ఎలా పంచాలి

బడ్జెట్ బాగా తక్కువైతే తర్కం అక్కర్లేదు: వైరు ఉన్న ఇన్ ఇయర్. ఈ శ్రేణిలో గత కొన్నేళ్లుగా నాణ్యత ఎంత పెరిగిందంటే, ఒకప్పుడు ఖరీదైనవాటిలో మాత్రమే వినిపించిన సౌండ్ ఇప్పుడు అట్టడుగు ధరలోనూ దొరుకుతోంది. చెవిలోకి దూరేవి పడనివారికి తేలికపాటి ఆన్ ఇయర్ ఉంది, 1984 నాటి కాస్ పోర్టా ప్రో ఇప్పటికీ అలాంటి వారిని ఆదుకుంటోంది.

మధ్య బడ్జెట్ చాలా ఇరకాటమైనది. వైర్‌లెస్, నాయిస్ క్యాన్సిలేషన్, మంచి మైక్, మంచి సౌండ్ అన్నీ అడిగితే అన్నీ అరకొరగానే వస్తాయి. రెండు ఎంచుకుని మిగతావాటిని వదలండి. ఇక్కడొక కిటుకు ఉంది. కొత్త మోడల్ రాగానే దాని ముందు తరం ధర తగ్గుతుంది, పనితీరులో తేడా చాలాసార్లు ప్రకటనల్లో ఉన్నంత ఉండదు. సెకండ్ హ్యాండ్ అయితే వైరు ఉన్న పెద్ద హెడ్‌ఫోన్స్ కొని కొత్త కుషన్లు వేయించుకోండి. వాడేసిన ఇయర్‌బడ్స్ మాత్రం వద్దు, బ్యాటరీ ఎంత మిగిలిందో మీకు తెలియదు, పైగా శుభ్రత సంగతి ఒకటి.

బడ్జెట్ పెద్దదైతే, ఒక స్థాయి దాటాక ధర రెట్టింపైనా సౌండ్ రెట్టింపు కాదని గుర్తుంచుకుని కొనండి. ఏ బడ్జెట్ అయినా కొద్దిగా పక్కన ఉంచుకోండి, వేరే టిప్పులకో కుషన్లకో.

పెట్టుకుని చూడండి

ధర కన్నా ఎక్కువగా సౌండ్‌ను మార్చేది చెవికి అతుకు. ఇన్ ఇయర్ పెట్టుకునేటప్పుడు రెండో చేతిని తల వెనకగా తెచ్చి చెవి డొప్పను పైకి, కాస్త వెనక్కి లాగి, టిప్‌ను కొంచెం తిప్పుతూ లోపలికి పంపండి. ఇప్పుడు బాస్ ఉన్న పాట పెట్టి, వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బాస్ ఒక్కసారిగా పెరిగితే టిప్ సరిపోవడం లేదు, గాలి కారుతోంది. పై సైజు వేయండి. కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఇంకోటి సరిపోవడం చాలా మామూలు. "ఈ ఇయర్‌ఫోన్స్‌లో బాస్ లేదు" అని వెనక్కిచ్చేసిన వాటిలో ఎన్నిటికి తప్పు టిప్పుదో!

పెద్ద హెడ్‌ఫోన్స్‌కైతే చెవి కింద, దవడ మొదలయ్యే చోట వేలు పెట్టి చూడండి. సందు దొరికేది అక్కడే, కళ్లద్దాల కాడ దూరే చోట కూడా. చెవి కొస లోపలి గట్టి భాగానికి తగలకూడదు. బరువు 250 గ్రాముల చుట్టూ ఉంటే మరచిపోతారు, 350 దాటితే నడినెత్తిన తెలుస్తుంది. రెండు నిమిషాలు పెట్టుకుంటే అన్నీ సుఖంగానే ఉంటాయి. వీలైతే అరగంటైనా ఉంచుకోండి.

వినడానికి మూడు రకాల పాటలు తీసుకెళ్లండి: ఒంటరి గొంతు ఉన్నది, బాస్ బరువుగా ఉన్నది, వాయిద్యాలన్నీ ఒకేసారి మోగే రద్దీ పాట. మృదంగం ఉన్నదైతే మరీ మంచిది. ఎడమ చేతి దెబ్బ గుండ్రంగా మొదలై ఆగుతోందా, లేక బుయ్ మని సాగుతూ పక్క దెబ్బలోకి కారిపోతోందా వినండి. కారిపోతే అది బాస్ ఎక్కువవడం కాదు, బాస్ అదుపులో లేకపోవడం. రద్దీ పాటలో ఒక్క వాయిద్యాన్ని పట్టుకుని చివరిదాకా వెంట వెళ్లగలిగితే ఆ హెడ్‌ఫోన్స్ మంచివి. తక్కువ వాల్యూమ్‌లో కూడా వినండి, అక్కడ బాగున్నదే ఎక్కువసేపు వినగలుగుతారు.

వాల్యూమ్ సంగతి ఎంపికలో భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినవచ్చు, 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. పిల్లలకు 75 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. బయటి చప్పుడును సరిగ్గా ఆపని హెడ్‌ఫోన్స్‌తో బస్సెక్కితే మనకు తెలియకుండానే పెంచేస్తాం.

ఇప్పుడు మీ జాబితాలో రెండో మూడో మిగిలుంటాయి. రివ్యూలు తెరవాల్సింది ఇప్పుడు. సౌండ్ ఎక్కడ ఎంత లేచిందో, పడిందో చూపే గ్రాఫులు వాటిలో ఉంటాయి. అవి పోల్చేటప్పుడు ఒకే సైటు, ఒకే యంత్రం మీద తీసినవే పోల్చండి, వేర్వేరు చోట్ల తీసినవి ఒకదానితో ఒకటి కలవవు. "వంద గంటలు మోగిస్తే సౌండ్ తెరుచుకుంటుంది" అనే మాట విని వాపసు గడువు దాటబెట్టుకోకండి. మారేది ఎక్కువగా మీ చెవి అలవాటే. వచ్చిన వారంలోనే మీ సొంత పాటలతో, మీరు నిజంగా వినే చోట వినండి. మైక్ ఉంటే ఫ్యాన్ కింద నిలబడి ఎవరికైనా కాల్ చేసి, అవతలివారికి ఎలా వినపడుతోందో అడగండి. డబ్బా, బిల్లు, లోపలి కవర్లు గడువు ముగిసేదాకా పారేయకుండా దాచండి.